నాలా ఒడ్డు సంతకాలు

పోయిన వారం ఒకరోజు సాయంత్రం ఐదింటప్పుడు మా గేటు ముందు ఆరుగురు పిల్లలు వచ్చి నిలబడ్డారు. అందరి మెడల్లోనూ నేను ముప్ఫై ఏళ్ళు పనిచేసిన హైస్కూలు కార్డులే వేలాడుతున్నాయి. బస్టాండు నుంచి బడి దాకా వీధి దీపాలు వెలగడం లేదని, స్పెషల్ క్లాసులు అయ్యాక ఆడపిల్లలు చీకట్లో నడవాల్సి వస్తోందని ఒక అర్జీ రాసుకొచ్చారు. కుర్చీ వేసుకుని కూర్చుని రెండుసార్లు చదివాను. రిటైరైన టీచరు చేతికి కాగితం ఇస్తే తప్పులు వెతకకుండా ఊరుకోదు కదా. పెద్ద తప్పులేమీ దొరకలేదు. పేరు రాసి, సంతకం పెట్టి, మూడో గడి ఖాళీగా వదిలేసి తిరిగిచ్చాను. "మేడమ్, ఇంటి నంబర్ మర్చిపోయిన్రు," అంది వాళ్ళలో పొడుగు పిల్ల. మర్చిపోలేదన్నాను. అది లేకుంటే ఆఫీసుల తీసుకోరంట అంది. "తీసుకోకపోతే మానె, ఆ గడి మొత్తానికే కొట్టెయ్యండి," అన్నాను, కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. మలుపు తిరిగేలోపు "మేడమ్‌కు భయమెక్కువే" అని ఎవరో అనడం వినబడింది. మోకాళ్ళు పోయాయి గానీ నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

వాళ్ళన్నది నిజమే. నాకు భయమే. కానీ ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు. ఒకప్పుడు పదో తరగతి పిల్లలను ఇంటింటికీ తిప్పి సంతకాలు చేయించిన సోషల్ టీచర్ని నేనే. అందరి ఇంటి నంబర్లూ రాయించింది కూడా నేనే.

మా పట్నం కరీంనగర్ నుంచి మందమర్రి వైపు పోయే దారిలో ఉంటుంది. బస్సులో కునుకు తీసేవాళ్ళకు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియనంత పట్నం. పేరు చెప్పను, అక్కడివాళ్ళకు చెప్పకుండానే తెలుస్తుంది. బడి వెనక గోడను ఆనుకుని ఒక నాలా పారేది. ఎండాకాలంలో చూస్తే నల్లటి బురద చార, పైన దోమల మబ్బు, అంతే. వానలు మొదలయ్యాక మాత్రం పట్నం నీళ్ళన్నీ అందులోకే దిగి రెండు నిలువుల లోతున ఉరికేవి. నాలాకు ఇరువైపులా ఇరవై మూడు ఇళ్ళు. కొన్నిటి వెనక గోడలు నాలాలోంచే లేచినట్టు ఉండేవి. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళందరూ బీడీలు చేసేవాళ్ళు. ఎండపూట ఆ సందులోకి పోతే నానబెట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, వెనక నుంచి మురుగు కంపు కలిసి ముక్కులోకి దూరేవి. మొదట్లో కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత్తర్వాత ఆ వాసనకే అలవాటు పడ్డాను, ఇప్పుడు ఎక్కడైనా తునికాకు వాసన తగిలితే కాళ్ళు ఆగిపోతాయి.

ఆ ఒడ్డు మీద మొదటి ఇల్లు ఒక దర్జీది. ఇంటి ముందు గదిలో మిషను, వెనక గదిలో సంసారం. ఆయన కూతురు నా దగ్గర టెన్త్ బీ సెక్షన్లో చదివేది. తెల్ల చున్నీ తల చుట్టూ బిగించి పిన్ను పెట్టుకుని, మొదటి బెంచీలో కూర్చుని, నేను అడగని ప్రశ్నలకు కూడా చెయ్యెత్తేది. పాఠం చదవమంటే గొంతెత్తి, ఒక్కో మాటా విడివిడిగా, వెనక బెంచీ దాకా వినబడేలా చదివేది. ఆ చదువు నేను నేర్పిందే. మెల్లగా గొణిగే పిల్లలను చూస్తే నాకు ఒళ్ళు మంట, అందుకని అందరికీ ఆ పిల్లనే చూపించి "అట్లా చదవాలి" అనేదాన్ని.

ఆ యేడు వానల్లో వాళ్ళ పక్కింటి బీడీలామె మూడేళ్ళ పాప నాలాలో పడింది. తల్లి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది, పాప వెనక గుమ్మం దగ్గర ఆడుకుంటోంది. తల్లి ఒక కట్ట కట్టి తలెత్తేసరికి గుమ్మంలో పాప లేదు. మర్నాడు పట్నం చివర మోరీ దగ్గర దొరికింది. మేం బడిలో రెండు నిమిషాలు మౌనం పాటించి, మూడో నిమిషంలో లెక్కల పీరియడ్ మొదలుపెట్టాం. దర్జీ కూతురు మాత్రం నాలుగు రోజులు చెయ్యెత్తలేదు. ఐదో రోజు వాళ్ళ నాన్న కొలతల టేపు బ్యాగులో వేసుకొచ్చి నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. నాలా వెడల్పు ఎక్కడ ఎంత, గట్టు ఎక్కడ విరిగింది, దారానికి రాయి కట్టి దింపితే లోతు ఎంత, అన్నీ రాసింది. జాకెట్లు కొలిచే టేపుతో నాలాను కొలిచిన పిల్లను నేను అంతకుముందు చూడలేదు. "మేడమ్, మీరు పాఠంల చెప్తరు కదా, పౌరులు అడగాలె అని. ఎట్ల అడగాలె?" అంది.

టీచరుకు ఇంతకన్నా పెద్ద సన్మానం ఉండదు. నేను పొంగిపోయాను, దాచుకోను. ఎనిమిది మంది పిల్లలతో ఒక జట్టు కట్టించాను. నాలా మీద స్లాబు వేయాలని మునిసిపల్ ఆఫీసుకు అర్జీ పెడదామన్నాను. ఊరికే పిల్లలు అడిగితే ఎవరూ పట్టించుకోరని, ఒడ్డు మీది ప్రతి ఇంటి సంతకం కావాలని చెప్పాను. "పేరు, ఇంటి నంబరు, సంతకం. మూడూ ఉండాలి. ఇంటి నంబరు లేని సంతకం గాలిలో రాసినట్టే," అన్నాను. ఎవరింటి నుంచి మొదలుపెట్టాలని అడిగితే, "నీ ఇంటి నుంచే. నువ్వు పెట్టాకే పక్కవాళ్ళను అడిగే హక్కు నీకొస్తుంది," అన్నాను. ఆ పిల్ల తన గుండ్రటి రాతతో ఒకటో నంబరు ఎదురుగా వాళ్ళ నాన్న పేరు రాసింది.

మొదటి ఆదివారం పిల్లలు అట్ట ముక్కల మీద నినాదాలు రాసుకుని ఊరేగింపుగా బయలుదేరారు. తీరా చూస్తే ఒడ్డు మీద సగం ఇళ్ళకు తాళాలు. అవి మెథడిస్టు కుటుంబాలు, ఆరాధనకు పోయారు. ఉన్నవాళ్ళు ఎలక్షన్లు వచ్చాయనుకున్నారు. ఒక పెద్దాయన అరుగు మీద నుంచి "ఏ పార్టీ బిడ్డా?" అని అడిగితే, జట్టులో అందరికన్నా పొట్టి పిల్ల "టెన్త్ బీ సెక్షన్ తాతా" అందట. ఆయన చాలాసేపు ఆలోచించి, "గది కొత్త పార్టీయా?" అన్నాడట. సోమవారం పిల్లలు ఏడుపు మొహాలతో వచ్చారు. వచ్చిన సంతకాలు మూడు. అందులో ఒకటి నాదే.

దారి చూపింది దర్జీ కూతురే. బీడీలు చేసే ఆడవాళ్ళ చేతులు పొద్దంతా ఖాళీ ఉండవు, సాయంత్రం కార్ఖానాలో లెక్కకు అప్పజెప్పాలి, కాబట్టి వాళ్ళను నిలబెట్టి మాట్లాడితే ఎవరూ వినరు. వాళ్ళ పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తూ మాట్లాడాలి. ఒడ్డు మీది పిల్లలకు ఆకు కత్తిరించడం ఎలాగూ వచ్చు, రానివాళ్ళకు వాళ్ళే నేర్పారు. రోజూ బడి అయ్యాక గంటసేపు ఒక్కో అరుగు మీద ఇద్దరిద్దరు కూర్చునేవాళ్ళు. అచ్చు పెట్టి ఆకు కోస్తూ, ఈనెలు తీస్తూ, స్లాబు గురించి చెప్పేవాళ్ళు. పాస్టరుగారి భార్య ఆరాధన ముగిశాక ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చింది. శుక్రవారం నమాజు తర్వాత దర్జీయే నలుగురికి చెప్పాడు. అడగడమంటే ఎదుటివాళ్ళ పనిలో ఓ చెయ్యి వేయడమని నేను ఏ పాఠంలోనూ చెప్పలేదు, నాకు తెలిస్తే కదా చెప్పడానికి. ఒకరోజు నేను కూడా వెళ్ళి కూర్చున్నాను. నేను కోసిన ఆకులు చూసి ఆడవాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. "మేడమ్, మీరు జర సంతకమే పెట్టున్రి, ఆకు ఖరాబైతది," అంది దర్జీ భార్య.

పది రోజులయ్యేసరికి నేననుకోనిది ఒకటి జరిగింది. జనమే పిల్లలను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. ఆ ఇళ్ళకు పట్టాలు లేవు. పాతికేళ్ళ కింద ఎవరో చూపిస్తే గోడలు లేపుకున్నవాళ్ళు. నంబరు వేశారు, పన్ను తీసుకుంటున్నారు, కరెంటు ఇచ్చారు, పట్టా మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. సర్కారు కాగితం మీద ఇంటి నంబరు ఒక్కసారి ఎక్కితే చాలు, అదే రేపు పట్టాకు సాక్ష్యమవుతుందని ఒడ్డు మీద ఎవరో అన్నారు. ఆ మాట ఒక్కరోజులో ఇరవై మూడు ఇళ్ళకూ పాకింది. పెట్టెల అడుగు నుంచి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు తీసి పిల్లల ముందు పరిచారు. "జర పెద్దగ రాయి బిడ్డా, సార్లకు మంచిగ కనపడాలె," అని పాపను పోగొట్టుకున్నామె తన నంబరును దిద్దించిందట. పిల్లలు తమ దగ్గరికి రాలేదని అవతలి ఒడ్డున అలిగి కూర్చున్న ఇద్దరు కూడా మా ఇల్లెందుకు వదిలేశారని బడికే వచ్చి పెట్టిపోయారు. తంబాకు అంటిన బొటనవేళ్ళతో కాగితం అంచులన్నీ మరకలయ్యాయి. నాకు సంతోషమైంది. వాళ్ళెందుకు అంత ఆరాటపడుతున్నారో నాకు తెలుసు. తెలిసీ, అది పట్టా కాగితం కాదని చెప్పలేదు, చెబితే సంతకాలు తగ్గుతాయేమోనని. అర్జీ పైన పెద్దక్షరాలతో "మా పిల్లల ప్రాణాలు కాపాడండి" అని రాయించాను.

మునిసిపల్ ఇంజినీరు సారు చాలా మర్యాదస్థుడు. ఎనిమిది మంది పిల్లలకూ కుర్చీలు వేయించాడు, బిస్కెట్లు తెప్పించాడు. అర్జీ చివరిదాకా చదివి, "కొలతలు కూడా ఇచ్చిన్రా! మా ఏఈలు గిట్ల రాయరమ్మా," అన్నాడు. ఆ తర్వాత దసరా సెలవుల్లోనే పని మంజూరైంది. ఒకరోజు బజార్లో కనబడి, "మీ పిల్లల లిస్టు మస్తు పనికొచ్చింది మేడమ్. సర్వే సగం తప్పింది మాకు," అన్నాడు. నేను ఇంటికొచ్చి ఆ మాట ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఏ సర్వే అని నేనడగలేదు.

ఆ వారమే ఇద్దరు మనుషులు వచ్చి నాలా మధ్య నుంచి ఇటూ అటూ టేపు పట్టి, ప్రతి ఇంటి గోడ మీదా ఎర్ర రంగుతో ఒక అంకె, పక్కన ఒక గీత గీసి పోయారు. దర్జీ ఇంటికి ఒకటి. ఒడ్డు మీద పండుగ వాతావరణమే. పట్టాలకు కొలిచారని అనుకున్నారు. ఒకామె గోడకు సున్నం వేస్తూ ఎర్ర అంకె చుట్టూ జాగ్రత్తగా వదిలేసి వేసింది, తెల్ల గోడ మీద ఆ అంకె ఇంకా నిగనిగలాడింది. పిల్లలు బంతి తగిలించి రంగు చెరిపేస్తారని అరుగు మీద కూర్చుని కాపలా కాసింది ఇంకో ముసలమ్మ. నేను అటుగా పోతే అందరూ నవ్వుతూ పలకరించారు. దర్జీ నా పాత బ్లౌజొకటి లూజు చేసి, డబ్బులిస్తే తీసుకోలేదు.

మా అత్తమ్మ అప్పటికి బతికే ఉంది. ఆమె పుట్టి పెరిగిన ఊరు ప్రాజెక్టు కింద మునిగిపోయింది. ఆ ఊరి గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడేది కాదు, అక్కడి మామిడికాయ రుచి గురించి తప్ప. ఆరోజు గుళ్ళోంచి ఆటోలో వస్తూ నాలా పక్క నుంచి వచ్చిందట. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా ముందు నిలబడింది. "బిడ్డా, గా ఇండ్ల మీద ఎర్రగ ఏం రాశిన్రే?" అంది. స్లాబు పని కోసమని చెప్పాను. "స్లాబు నాలా మీద ఏస్తరు గద. ఇండ్ల మీదెందుకు రాస్తరు?" అంది. ఆమె మంచం మీద కూర్చుని, "మా ఊల్లె గిట్లనే రాశిన్రు. మా బాపు గూడ మంచిగ రాయమన్నడు," అంది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

నేను ఇంజినీరు సారుకు ఫోన్ చేశాను. ఆయన అదే మర్యాదతో చెప్పాడు. నాలా మధ్య నుంచి ఇంత దూరం వరకు కట్టడాలేవీ ఉండకూడదట, స్లాబు వేయాలంటే మిషన్లు దిగాలట, ఎటూ అవి ఆక్రమణలే కదా మేడమ్ అన్నాడు. నోటీసులు పది పన్నెండు రోజుల్లో వస్తాయన్నాడు. "వాళ్ళకు వేరే చోట చూపిస్తరు లెండి, ఫికర్ చెయ్యకున్రి," అన్నాడు. ఫోన్ పెట్టేశాను. లేచి చెప్పులేసుకుని నాలా దాకా పోయాను. ఎర్ర అంకె చుట్టూ వదిలేసిన ఆ గోడ మీద సున్నం ఇంకా ఆరలేదు. ఆడవాళ్ళు చాటలు పక్కకు జరిపి నాకు చోటిచ్చారు. చెబుదామనే కూర్చున్నాను. దర్జీ భార్య చాయ్ తెచ్చింది. "మీ దువా వల్ల మాకు గీ ఇల్లు పక్కా అయితుంది మేడమ్," అంది. నేను చాయ్ తాగి వచ్చేశాను. కచ్చితంగా తెలియకుండా భయపెట్టడమెందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను. కచ్చితంగా తెలుసు. పదకొండు రోజులు అలా గడిపాను. రోజూ ఆ పిల్ల మొదటి బెంచీలో కూర్చుని చెయ్యెత్తేది, నేను ఆ వైపు చూడకుండా పాఠం చెప్పేదాన్ని. ఆ పదకొండు రోజుల్లో వాళ్ళు కలెక్టరు దగ్గరికి పోయేవాళ్ళేమో, కోర్టుకు పోయేవాళ్ళేమో, కనీసం సామాన్లయినా సర్దుకునేవాళ్ళు. అందులో ఏ ఒక్కటీ చేసుకునే వీలు లేకుండా వాళ్ళ రోజులను నేను నా దగ్గర పెట్టుకున్నాను.

నోటీసులు శనివారం సాయంత్రం అంటించారు. సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా జేసీబీ వచ్చింది. బడి గంట కొట్టకముందే పిల్లలందరూ వెనక గోడ ఎక్కి చూస్తున్నారు. నేను పరుగున పోయాను. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, కొందరు బీడీల చాటలు, మిషను, బియ్యం డబ్బాలు రోడ్డు మీదకు మోస్తున్నారు. ఒక క్లర్కు చేతిలో కాగితం పట్టుకుని ఇంటింటికీ పేరు పిలిచి, సామాను బయటికి వచ్చిందా లేదా చూసి టిక్కు పెట్టుకోవాలి. ఆయన చేతిలోది మా అర్జీ జిరాక్సు. పైన "మా పిల్లల ప్రాణాలు కాపాడండి" అని ఉంది. జిరాక్సులో అంచుల మీది తంబాకు మరకలు పేర్ల మీదకి నల్లగా వచ్చాయి. ఆయనకు ఆ రాత అంతుపట్టడం లేదు. ఒకరి పేరు ఇంకొకరిలా పిలుస్తున్నాడు, తప్పు ఇంటికి టిక్కు పెడుతున్నాడు, సామాను తీయని ఇంటి వైపు జేసీబీ తిరిగింది. లోపల ఎవరో ముసలాయన ఉన్నాడని అరుపులు. అప్పుడు దర్జీ కూతురు ముందుకు వచ్చింది. స్కూల్ డ్రెస్సులోనే ఉంది. "గట్ల కాదు సార్. నాకియ్యున్రి. అది నా రాత," అంది.

కాగితం తీసుకుని చదివింది. గొంతెత్తి, ఒక్కో మాటా విడివిడిగా, చివరి ఇంటి దాకా వినబడేలా. "ఒకటి," అని, వాళ్ళ నాన్న పేరు, ఇంటి నంబరు. దర్జీ చేతిలో మిషను చక్రం ఉంది, అది పట్టుకునే "హాజర్" అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకూ తెలియదనుకుంటా. రెండు. మూడు. ఇరవై మూడు దాకా ఒక్క తప్పు లేకుండా చదివింది. ప్రతి పేరు తర్వాతా ఆగి, ఆ ఇంట్లోంచి అందరూ బయటికి వచ్చారని చూసి, తర్వాతి పేరుకు వెళ్ళింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను బడి గోడ పక్కన నిలబడి విన్నాను. నేను నేర్పిన చదువు అది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నన్ను చూడొద్దని నేను లోపల మొక్కుకుంటున్నాను కూడా.

ఒడ్డు మీది వాళ్ళు తలో దిక్కు పోయారు. దర్జీ కుటుంబం ఇచ్చోడలో ఆయన బావమరిది దగ్గరికి పోయింది. నన్నెవరూ తిట్టలేదు. ఎవరైనా నా గేటు ముందుకొచ్చి మన్ను పోసి పోతే బాగుండునని చాలా రోజులు అనిపించింది. పరీక్షలకు ముందు ఆ పిల్ల హాల్ టికెట్ కోసం ఒక్కతే బస్సులో వచ్చింది. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. నేను చెప్పాల్సిందంతా చెప్పేద్దామని లేచాను. పదకొండు రోజుల సంగతి కూడా. "నాకు ముందే తెలుసమ్మా," అన్నాను. ఆ పిల్ల హాల్ టికెట్ మీద తన పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటోంది. "ఎరుక మేడమ్," అంది. "మీరు చాయ్ తాగెటందుకు వచ్చిననాడే అమ్మీ అన్నది, మేడమ్ ఏదో చెప్పకుంట పోయింది అని." తర్వాత కిటికీలోంచి వెనక వైపు చూసి, "వానలు పడేలోపట స్లాబు అయితదా?" అని అడిగింది. అవుతుందట అన్నాను. "అయితే మంచిదే మేడమ్. ఇంక ఎవ్వలు పడరు," అని కార్డు బ్యాగులో పెట్టుకుని బస్సుకు పోయింది.

ఆ మాట నిజమే అయింది. స్లాబు వేసి ఇన్నేళ్ళయింది, ఒక్క పిల్ల కూడా పడలేదు. వానాకాలంలో కింద నీళ్ళు ఉరికే చప్పుడు వినబడుతుంది, పైన బండ్లు పోతూనే ఉంటాయి, ఇప్పటి పిల్లలకు అక్కడ ఇళ్ళుండేవని కూడా తెలియదు. ఏళ్ళు గడిస్తే తప్పు కూడా ముసలిదై ఓ మూలన పడుంటుందనుకున్నాను గానీ, ముసలిదాన్ని అయింది నేనొక్కదాన్నే.